తరుగు

షెఫీల్డ్‌లో పొగగొట్టాలు లేవకముందే
నేను త్రాసు తుడిచి పెట్టాలి.
షిర్ట్‌క్లిఫ్ వారి కెజాయాని, పద్నాలుగేళ్లదాన్ని,
చదవడం రాయడం వచ్చినదాన్ని.
అందుకే చీపురూ నాదే, పద్దు పుస్తకమూ నాదే.

దంతం వచ్చిన రోజున
ఇద్దరు మోసుకొచ్చి, నిద్రపోతున్న బిడ్డను దించినట్టు
గోనెల మీద దించారు.
అరవై ఒక్క పౌన్లు. రాశాను.
మొదట్లో చెయ్యి పెడితే మోచేతి దాకా బోలు.
ఒకప్పుడు అక్కడ నెత్తురు తిరిగేదట.
ఎనోక్ డంగ్‌వర్త్ అందులోకి తొంగిచూసి
"మన దొర గాలికి కూడా వెల కట్టాడే" అన్నాడు.

రంపం మీద నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతూనే ఉంటాయి.
అయినా వాసన.
పన్ను కాలే వాసన,
ఇంటికెళ్లి తల విప్పుకుంటే జుట్టులోంచి వచ్చే వాసన.

గడ్డం గీసుకునే కుంచెకి పిడి ఎంతుంటుంది?
పిడికిట్లో దాక్కునేంత.
దానికోసం చదరపు దిమ్మ కోస్తారు,
తరిమెన మీద తిప్పి నాలుగు మూలలూ రాలగొడతారు,
నడుము సన్నం చేస్తారు, మెడ చేస్తారు,
ఇంత చేసి మళ్లీ నడినెత్తిన తొలుస్తారు,
బ్యాడ్జర్ వెంట్రుకల కుచ్చు నాటడానికి.
మిగిల్చిందానికన్నా తీసేసిందే ఎక్కువ.
ఆ తీసేసిందంతా నా చీపురు కిందికి వస్తుంది.

శనివారం సాయంత్రం తూకం.
పిడులు ఇరవై మూడు పౌన్లు.
బోలు వైపు రేకులు తొమ్మిది, దువ్వెనల వాడికి.
కొన రెండు, గొడుగుల వాడికి.
పెచ్చులు పది. మూసిన కుండలో మాడ్చి రంగు చేస్తారు;
అంత తెల్లని దాంట్లోంచి అంత నల్లని నలుపు!
పొడి పదహారు పౌన్ల పన్నెండు ఔన్సులు.
గూస్‌బెర్రీ తోటల వాళ్లు ఎరువుకి పట్టుకెళతారు.
అందులో గుప్పెడు ఎనోక్ అడిగి తీసుకుంటాడు,
రాత్రంతా ఉడికిస్తే జావలా గడ్డకడుతుంది,
మంచం పట్టిన జిల్లాకి చెంచాతో పెడతాడు.
ఆ గుప్పెడూ తూచే ఇస్తాను.

ఎటు కూడినా నాలుగు ఔన్సులు తక్కువ.

మేస్త్రీ బ్రమ్‌ఫిట్ తలుపు గడియ వేశాడు.
టోపీలు దులిపించాడు, బూట్లు విప్పించాడు.
ఎనోక్ జేబులో ఒక సీసపు గుండు దొరికింది.
కిందటి నెల ఉలికి తగిలి కీచుమన్నది,
దంతం చుట్టూ పెరిగి లోపల దాచుకున్నది.
ఏ తుపాకీదో, ఏ ఏటిదో.
ఆ దెబ్బ తిన్నాక కూడా ఏనుగు
చాలా ఏళ్లు బతికిందని లెక్క.
బ్రమ్‌ఫిట్ దాన్ని త్రాసులో వేసి చూశాడు.
"ఇది మనకి దంతం ధరకే అమ్మారు" అని
మొహం చిట్లించి, తిరిగి ఇచ్చేశాడు.

కంసాలి తరుగు కంసాలికి తెలుస్తుంది అంటారు.
మా తరుగు ఎవరికీ తెలియలేదు.
"రాయి, లెక్క తేలలేదని" అన్నాడు బ్రమ్‌ఫిట్.
రాశాను.

అప్పుడు ఎనోక్ దగ్గాడు.
ఎప్పుడూ దగ్గేవాడే, ఎవరూ తలెత్తలేదు.
గుడ్డ మడిచి జేబులో పెట్టుకుంటుంటే
మడత అంచున పిండిలాంటి తెలుపు చూశాను.
పెన్ను ముంచాను. ఏమీ రాయలేదు.
ఊపిరితిత్తులకి నా పుస్తకంలో గడి లేదు.

జిల్లా తేరుకుంది. జావ వల్లనో, వేసవి వల్లనో.
ఎనోక్‌ని మార్చిలో పాతిపెట్టాం.
పెట్టె మోసినవాళ్లు బరువుగా లేడన్నారు.
గుండు జిల్లా దగ్గరే ఉంది, కిటికీ గుమ్మం మీద,
గాలికి తెర ఎగరకుండా.

అతని తరిమెన దగ్గరికి కుర్రాడొకడు వచ్చాడు,
ఈలవేస్తూ పనిచేస్తాడు.
మొదటి వారం తరుగు మూడున్నర ఔన్సులు.
ఈల ఆపమని చెప్పాను. నవ్వాడు.

నేనైతే చీపురు పట్టగానే
ఊపిరి బిగబడతాను.
ఈ గోడ నుంచి ఆ గోడకి ముప్పై రెండు అడుగులు.
ఇరవై దాకా ఆగగలను.